వెర్నా వదిన చెప్పని జాగ్రత్త

డెకోరా, ఐయోవా
ఆగస్టు, 1978

డెల్ఫిన్‌కు,

నా తమ్ముడికి ఏం చెప్పినా చెవిన వేసుకోడు గనక నీకు రాస్తున్నాను. మొన్న ఆదివారం మీరిద్దరూ వచ్చి, మీకిచ్చిన మా చక్రాల ఇల్లు, ఆ ట్రైలరు, బండికి తగిలించుకునేటప్పుడు రెండు ముక్కలు చెప్పబోతే "తెలుసక్కా, తెలుసు" అన్నాడు. ఏం తెలుసు వాడికి? మా ఆయన ఆర్విడ్ బతికున్న రోజుల్లో ఒక్కసారి మాతో ప్రయాణానికొచ్చి, దారంతా వెనక సీట్లో గుర్రుపెట్టాడు. అదీ హార్లన్ అనుభవం.

కాబట్టి నువ్వు విను. బరువైన సామానంతా ఇరుసుకి ముందువైపు సర్దు. ఇనపపెనం, పనిముట్ల పెట్టె, డబ్బాలు అన్నీ. వెనక బరువెక్కితే ట్రైలరు రోడ్డు మీద పాములా మెలికలు తిరుగుతుంది. అలా తిరగడం మొదలెడితే మీ బండి బ్రేకు తొక్కొద్దు. వేగం తగ్గనిచ్చి, చేతి దగ్గరున్న మీటతో ట్రైలరు బ్రేకు ఒక్కటే నొక్కాలి. గొలుసులు రెండూ కొక్కెం కింద కత్తెరలా అడ్డంగా వెయ్యాలి, నేలకి రాచుకోకుండా. బయల్దేరిన కాసేపటికి ఒకసారి ఆగి చక్రాల మరలు మళ్ళీ బిగించమను.

దిగినచోట, విప్పడానికి ముందే చక్రాలకి అడ్డం కట్టెలు పెట్టండి. ఆర్విడ్ ఒకసారి మరిచిపోతే ట్రైలరు తనంతట తానే పక్కవాళ్ళ భోజనాల బల్ల దాకా నడిచి వెళ్ళింది. నేల మట్టం ముందు పక్కలకి చూసుకోవాలి, తర్వాత ముందుకీ వెనక్కీ. వాలుగా నిలబెడితే ఫ్రిజ్ పనిచెయ్యదు. మురుగు తొట్టి మూత తెరిచి వదిలెయ్యకు. నీళ్ళు పోయి తక్కినది ఉండిపోతుంది. ఇంతకన్నా వివరంగా రాయను.

కిటికీ తెరలు నేను కుట్టినవి. ఎండకి వెలిసిపోతాయి, పగలు పక్కకి లాగి ఉంచు.

నువ్వు చెప్పినట్టే రాపిడ్ సిటీ పోస్టాఫీసు పేర వేస్తున్నాను.

వెర్నా


రాపిడ్ సిటీ, దక్షిణ డకోటా
ఆగస్టు

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కానీ మీరు చెప్పిన బరువు సంగతి చదివేసరికి మేం దాదాపు డకోటా అంతా పాములాగే దాటాం. మీ తమ్ముడు "గాలి ఎక్కువగా ఉంది" అంటూ వచ్చారు. ఉత్తరం చదివి వినిపించాక దిగి, పనిముట్ల పెట్టె మోసుకొచ్చి ముందు పెట్టారు. గాలి ఆగిపోయింది!

మాకు చేతకానిది ట్రైలరుని వెనక్కి తొయ్యడం. ఆయన వెనక నిలబడి "ఎడమకి! నీ ఎడమ కాదే తల్లీ, నా ఎడమ!" అని అరుస్తారు. నేను స్టీరింగు ఒకవైపు తిప్పితే అది ఇంకోవైపు పోతుంది. సాయంత్రం మేం రాగానే ట్రైలర్లు నిలిపే క్యాంపులో వాళ్ళంతా కుర్చీలు బయట వేసుకుని కూర్చుంటున్నారు. నిన్నొక పెద్దాయన చప్పట్లు కూడా కొట్టాడు. దీనికేమైనా కిటుకుంటే రాయండి.

మీరు కూడా వచ్చి ఉంటే బాగుండేది వదినగారూ. రెండో మంచం మరీ ఇరుకు, మీ నడుముకి కష్టమని ఆయన అన్నారు.

ఇక్కణ్ణుంచి వయోమింగు వెళతాం. బఫెలో ఊళ్ళో ఆగి, కొండలు దాటి కోడీ చేరతాం. సెప్టెంబరంతా ఆ చుట్టుపక్కలే.

మీ
డెల్ఫిన్


డెకోరా
ఆగస్టు చివర

డెల్ఫిన్‌కు,

వెనక్కి తొయ్యడానికి కిటుకు చిన్నదే. స్టీరింగు కింది అంచు పట్టుకో, పైన కాదు. ట్రైలరు ఎటు పోవాలో నీ చెయ్యి అటు జరుపు. మెల్లగా, కొంచెం కొంచెంగా. ఒకవేళ చెడితే సిగ్గుపడకుండా ముందుకి లాగి మళ్ళీ మొదలెట్టు. హార్లన్ని నోరు మూసుకుని, నీకు అద్దంలో కనబడేచోట నిలబడమను.

మంచం సంగతి నేను అడగనే లేదే! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆ బల్ల కిందికి దించి మెత్తలు పరిస్తే మంచమవుతుంది. దాని మీద నేనెన్ని వేసవులు పడుకున్నానో. నా నడుము అప్పుడూ ఇదే.

సరే. కొండ దిగేటప్పుడు వాలు మొదలవకముందే చిన్న గేరులోకి మార్చండి. బ్రేకు మీద కాలేసి దిగితే అవి కాలి వాసనొస్తాయి, ఆ తర్వాత పనిచెయ్యవు. పైన సెప్టెంబరులోనే మంచు పడొచ్చు. ఉన్ని దుప్పట్లు బల్ల పక్కనున్న పెట్టెలో, అడుగున ఉన్నాయి. కలరా ఉండల వాసనొస్తే ఒక పూట ఆరబెట్టు.

వెర్నా


డెకోరా
సెప్టెంబరు

డెల్ఫిన్,

ఇది అందగానే చదువు. చదివి వెంటనే హార్లన్ని పైకప్పు ఎక్కించు. అందాకా హీటరు వెలిగించొద్దు. వెలిగించొద్దు!

ఇవాళ చర్చివాళ్ళకి ఇవ్వడానికి ఆర్విడ్ చొక్కాలు తీస్తుంటే, ఎర్రగళ్ళ చొక్కా ఒకటి సగమే కనబడింది. రెండో సగం ఏమైందా అని తలుపు దగ్గర నిలబడి ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆయన పోయాక, పోయిన శరత్కాలంలో, ట్రైలరు కప్పి పెట్టేటప్పుడు హీటరు పొగగొట్టంలో కందిరీగలు గూడు కట్టకుండా నేనే నిచ్చెనెక్కి ఆ గుడ్డ కుక్కాను. పైన మూత ఉంది, కింద నుంచి కనబడదు. గొట్టం మూసుకుపోతే ఆ విషపు గాలంతా లోపలికే వస్తుంది. దానికి వాసన ఉండదు, పొగ కనబడదు. మనిషికి నిద్ర వస్తున్నట్టే ఉంటుంది.

దుప్పట్ల గురించి రాశాను. కలరా ఉండల గురించి రాశాను. ఇది రాయలేదు.

వయోమింగు రోడ్డు పోలీసులకి ఫోను చేశాను. నెంబరు ప్లేటెంత అన్నాడు. మీరు కొత్తది వేయించారు, నాకు తెలియదు. "తెల్ల ట్రైలరు బాబూ, పచ్చ గీత ఉంటుంది" అన్నాను. "అమ్మా, ఈ నెల ఈ రోడ్డు మీద పోయేవన్నీ తెల్ల ట్రైలర్లే, సగానికి పచ్చ గీతే" అన్నాడు. మంచివాడే, రాసుకుంటానన్నాడు. తెలిసిన క్యాంపులన్నిటికీ చేశాను. బఫెలోకి ఒకటి, కోడీకి ఒకటి ఇదే ఉత్తరం వేస్తున్నాను.

అందగానే ఫోను చెయ్యి. డబ్బులు నేనిచ్చుకునేలా చెయ్యి.

వెర్నా


కోడీ, వయోమింగు
సెప్టెంబరు

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. కంగారు పడకండి. గుడ్డ తీసేశాం. గొట్టం శుభ్రంగా ఉంది. ఫోను చేద్దామంటే ఇక్కడ క్యాంపు ఆఫీసు ఫోను పాడైంది, అందుకని ఉత్తరమే వేస్తున్నాను.

మీ తమ్ముడికి కొంచెం జలుబు చేసింది. అందుకని నాలుగు రోజులు ఎక్కువ ఉంటున్నాం. మొన్న మంచు కురిసింది, చూడ్డానికి బాగుంది.

డెల్ఫిన్


డెకోరా
సెప్టెంబరు

అమ్మాయీ,

నీ ఉత్తరం పట్టుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నేను ఏడ్చే మనిషిని కానని నీకూ తెలుసు. తర్వాత లేచి, తోచక, బంగాళాదుంపలు ఉడకబెట్టి లెఫ్సే రొట్టెలు చేశాను. తినేవాళ్ళు లేరు. పక్కింటికి పంపాను.

ఇప్పుడు మీరు క్షేమంగా ఉన్నారు గనక ఒక మాట చెప్పుకుంటాను. ఇది పాస్టరుకి కూడా చెప్పలేదు.

మీరు ట్రైలరు తీసుకెళ్ళిన రోజు నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. నన్ను రమ్మంటారని ఎదురుచూశాను. సంచీ కూడా సర్దుకున్నాను, మంచం కింద పెట్టాను. హార్లన్ "తెలుసక్కా" అన్నాడు. నువ్వెక్కి నేను కూర్చునే చోట కూర్చుని, అద్దం నీకు సరిపోయేలా తిప్పుకున్నావు. అప్పుడు నాలో ఒక మాట మెదిలింది. "వెళ్ళండి. అన్నీ మీకే తెలుసుగా."

ఆ మాట అనుకున్నప్పుడు గొట్టం సంగతి నాకు గుర్తుందా? లేదనే అనుకుంటున్నాను. రోజూ కూర్చుని వెతుక్కుంటున్నాను. కట్టెలు, గొలుసులు, తెరలు, అన్నీ గుర్తొచ్చిన దానికి అదొక్కటే ఎలా జారిపోయింది? నేను మరిచిపోయానా, మరిచిపోనిచ్చానా? నాకు తెలియడం లేదు డెల్ఫిన్.

దేవుడు దయతలిచాడు, ఏమీ కాలేదు. మీరు తిరిగొచ్చేటప్పుడు డెకోరా మీదుగా రండి. జలుబుకి తేనె, వేడినీళ్ళు ఇవ్వు.

నీ
వదిన


కోడీ
సెప్టెంబరు చివర

వదినా,

నువ్వు అలా రాశాక నీకు అబద్ధం చెప్పి ఉండలేను. ఫోనులో అయితే నా గొంతు పట్టిచ్చేదని ఉత్తరం వేశాను. క్యాంపు ఫోను బాగానే ఉంది.

నీ ఉత్తరం పోస్టాఫీసులో నా చేతికొచ్చేసరికే అంతా అయిపోయింది. హార్లన్ అప్పటికే ఆసుపత్రిలో ఉన్నారు.

మంచు పడిన రోజది. పొద్దున్నే చలికి ఇద్దరికీ చిరాకు. హీటరు ఎలా వెలిగించాలో తెలియక ఆయన సగం అగ్గిపెట్టె తగలేశారు. "అక్కని తీసుకురావాల్సింది. ఆవిడైతే ఒక్క పుల్లతో వెలిగించేది" అన్నారు. నాకు కాలిపోయింది. నిన్ను వద్దన్నది నేనే వదినా. మంచం ఇరుకన్న మాట ఆయనది కాదు. "మొదటి ప్రయాణం మనిద్దరమే వెళదాం" అని నేనే పట్టుబట్టాను. నీ పేరు ఆయన నోట వింటే నాకు గుచ్చుకునేది. "అయితే మీ అక్కనే పెళ్ళి చేసుకోకపోయారా" అని విసురుగా బట్టల మూట తీసుకుని వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన ఎలాగో హీటరు వెలిగించుకుని నడుం వాల్చారట. నేను అప్పటికీ క్యాంపువాళ్ళ బట్టలుతికే గదిలోనే ఉన్నాను. అక్కడ వెచ్చగా ఉంది. నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒకావిడ కాఫీ పోసింది. బట్టలు ఆరిపోయాయి, మడతపెట్టడం అయిపోయింది. అయినా లేవలేదు. "కాసేపు ఒంటరిగా ఉండనీ, బుద్ధొస్తుంది" అనుకుని ఇంకో కప్పు అడిగి తాగాను. ఆ రెండో కప్పు నా గొంతులో ఇప్పటికీ ఉంది వదినా.

వెళ్ళి ట్రైలరు తలుపు తీసేసరికి అద్దాలన్నీ చెమటపట్టి ఉన్నాయి. ఆయన బుగ్గలు ఎర్రగా, పసిపిల్లాడిలా నిద్రపోతున్నారు. లేపితే లేవలేదు. కాళ్ళు పట్టుకుని మంచులోకి ఈడ్చాను. క్యాంపు యజమాని పరుగెత్తుకొచ్చాడు. తర్వాత అతనే పైకెక్కి ఎర్రగళ్ళ గుడ్డ బయటికి లాగాడు. ఎవరిదో నాకు తెలియలేదు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

ప్రాణం నిలబడింది. కానీ కుడిచెయ్యి వణుకుతోంది. మాట మధ్యలో పదం జారిపోతుంది. కాఫీ కావాలంటే "అది, ఆ నల్లది" అంటారు. మెల్లగా కొంత తిరిగొస్తుందని డాక్టరు అన్నాడు. బండి మాత్రం నడపకూడదట. నేనే నడుపుకొస్తాను.

కళ్ళు తెరిచాక ఆయన మొదట అన్న మాట "అక్కకి చెప్పకు, హడలిపోతుంది" అని. అలాంటి మనిషికి మీ అక్క కుక్కిన గుడ్డే అని ఎలా చెప్పను? గొట్టంలో గుడ్డ ఎలా వచ్చిందని అడిగితే, కందిరీగలు దూరకుండా నేనే పెట్టి మరిచిపోయానన్నాను. ఎర్రగుడ్డని క్యాంపు పొయ్యిలో వేశాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆసుపత్రి నుంచి ట్రైలరుకి వచ్చినప్పట్నుంచీ, నేను స్టవ్ దగ్గరికెళితే లేచి కిటికీ తెరుస్తున్నారు. అంతే.

నాకిది సరిపోయింది వదినా. ఆ గుడ్డ నాది కాదు గానీ కాఫీ నాదే. నువ్వు మాత్రం ఆయనకి చెప్పకు. ఆయనకి ఉన్న అక్కవి నువ్వొక్కతివే. దణ్ణం పెడతాను.

డెల్ఫిన్


డెకోరా
అక్టోబరు

డెల్ఫిన్,

నీ మాట వినలేను.

మీరు వాటర్లూలో ఇల్లు చేరి ఉంటారు. ఆ బండీ, ఆ ట్రైలరూ వేసుకుని, పక్కన అలాంటి మనిషిని కూర్చోబెట్టుకుని డకోటా అంతా ఒక్కదానివే దాటావంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆ సంగతి తర్వాత.

నీ ఉత్తరం వచ్చాక కొన్నాళ్ళు ఊరుకున్నాను. దాచిపెడితే అందరికీ మంచిదే కదా అని నా మనసు నాకు నచ్చజెప్పింది. ఆ నచ్చజెప్పడం ఎంత హాయిగా ఉందో చూసి నాకే భయమేసింది. నా తప్పు మోస్తూ నువ్వు వాడి ముందు తిరుగుతుంటే, నేనిక్కడ చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటలు పాడుతున్నాను. కిటికీ తెరుస్తున్నాడని రాశావు చూడు, ఆ మాట దగ్గర నా వల్ల కాలేదు.

హార్లన్‌కి విడిగా ఉత్తరం వేశాను. కవరు మీద వాడి పేరే రాశాను, నువ్వు ఆపడానికి లేకుండా. మరిచిపోయానని మాత్రమే రాయలేదు. కిటికీ దగ్గర నిలబడి ఏమనుకున్నానో అదీ రాశాను. నువ్వు నా కోసం అబద్ధమాడావనీ రాశాను. నీ కాఫీ సంగతి రాయలేదు. అది నీది, చెప్పుకుంటావో లేదో నీ ఇష్టం. కానీ ఒకటి. మొగుడి మీద అలిగి ఇంకో కప్పు కాఫీ తాగని ఆడది లోకంలో ఎవరే? దాన్ని నా గుడ్డ పక్కన పెట్టకు.

బస్సెక్కి వచ్చేద్దామనుకున్నాను. వాడు తలుపు తియ్యకపోతే ఏం చెయ్యాలో తెలియదు. తీస్తే ఆ చెయ్యి ఎలా చూడాలో అంతకన్నా తెలియదు. పిలిస్తే వస్తాను. పిలవకపోతే అడగను.

వెర్నా


వాటర్లూ, ఐయోవా
నవంబరు

వదినా,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమనుకోకు. రాయడానికి మంచి కబురు లేదు.

నీ ఉత్తరం ఆయనే తీశారు. చదవడం ఇప్పుడు నెమ్మది, వేలు పెట్టుకుని చదువుతారు. అంతా అయ్యాక నా వైపు చూసి, "ఇద్దరూ కలిసి నన్ను... నన్ను..." అన్నారు. పదం దొరకలేదు. దొరక్కపోయేసరికి ఇంకా కోపమొచ్చింది. "ఇద్దరిదీ అబద్ధమే. నువ్వు చెప్పినదీ అబద్ధం, ఆవిడ చెప్పనిదీ అబద్ధం" అన్నారు. కాఫీ సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. ఎలాగూ పడుతున్న వానే కదా, పూర్తిగా తడుద్దామని.

ఆ తర్వాత ఆయన ఇంట్లో ఉండలేదు. పెరట్లో ట్రైలరులోకెళ్ళి కూర్చునేవారు. పొద్దున వెళ్ళి భోజనానికొచ్చి మళ్ళీ వెళ్ళేవారు. నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవారు. నీకు రాద్దామని కాగితం తీస్తే, "దేనికి? క్షమించానని రాస్తావా? నేననలేదే" అన్నారు. నిజమే, అనలేదు. అందుకే రాయలేదు.

మొన్న మొదటిసారి గట్టి మంచు పట్టింది. పక్కింటి ఆయన గోడ మీంచి, "హార్లన్, ట్రైలరు గొట్టాల్లో నీళ్ళు తీశావా? గడ్డకడితే పగులుతాయి" అన్నాడు. నేను కాఫీ తెచ్చిస్తే ఈయన వణికే చేత్తోనే కప్పు పట్టుకుని తాగారు. తర్వాత కాగితం అడిగారు. నేను రాస్తానన్నా ఇవ్వలేదు.

రాసింది ఈ కవరులోనే పెడుతున్నాను. పొద్దున్నించి భోజనాల వేళ దాకా పట్టింది. నేను దిద్దలేదు.

డెల్ఫిన్

అక్కా
గొట్టాల్లో నీళ్ళు ఎలా తియ్యాలి
హార్లన్


డెకోరా
నవంబరు

హార్లన్,

నీ ఉత్తరం అందింది.

ముందు నీళ్ళు కాచే తొట్టి చల్లారిందో లేదో చెయ్యి పెట్టి చూసుకో. వేడిగా ఉండగా బిరడా తీస్తే మొహం కాలుతుంది. డెల్ఫిన్ని తియ్యమను, నీ చెయ్యి బాగయ్యేదాకా. బిరడా బయట పక్కన ఉంటుంది, చిన్న రేకు తలుపు వెనక. అది తీశాక లోపల కుళాయిలన్నీ తెరవండి, వేడివీ చన్నీళ్ళవీ రెండూ. అవి తెరవకపోతే గొట్టంలో నీళ్ళు దిగవు. తర్వాత నేల కింద రెండు చిన్న మరలుంటాయి, కుడివైపు చక్రం వెనక. మోకాళ్ళ మీద వంగితేనే కనబడతాయి. తెరిచి, పూర్తిగా కారేదాకా కారనివ్వండి. దొడ్డి గదిలో మీట కూడా ఒకసారి తొక్కి పట్టుకోవాలి. అక్కడ కొంచెం నిలిచి ఉంటుంది, అందరూ మరిచేది దాన్నే.

మురుగు తొట్లు రెండూ ఖాళీ చేసి కడిగాక, గిన్నెలు కడిగే తొట్టిలో నీళ్ళు గడ్డకట్టకుండా చేసే గులాబీరంగు మందు ఒక గ్లాసు పొయ్యండి. ట్రైలర్ల సామాను అమ్మేచోట దొరుకుతుంది. కారులో పోసే పచ్చది కాదు, అది విషం. పొగగొట్టానికి సన్న ఇనపజల్లెడ కొనుక్కొచ్చి బిగించండి, మరలతో. ఇంకేదీ పెట్టొద్దు.

పైకప్పు మీది గాలి కిటికీ వేలెడంత తెరిచి ఉంచండి. లేకపోతే తేమ పట్టి మెత్తలు బూజెక్కుతాయి. ఫ్రిజ్ తలుపు సగం తీసి మధ్యలో తువ్వాలు మడిచి పెట్టండి. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టుకోండి. చక్రాల మీద ఎండ పడకుండా చెక్క ఆనించండి.

ఇదంతా రాసి మూడుసార్లు చదువుకున్నాను. తర్వాత పెరట్లోకెళ్ళి, ట్రైలరు ఉండే చోట గడ్డి మీద నిలబడి, మనసులోనే మొత్తం మళ్ళీ చేసి చూసుకున్నాను. ఏదీ వదిలినట్టు లేదు.

ఈ పని నీకు నాకన్నా బాగా తెలుసు. ఆర్విడ్ జబ్బుపడ్డ ఏడు వచ్చి ఇదంతా చేసి పెట్టింది నువ్వే. నేను పక్కన నిలబడి దీపం పట్టుకున్నాను. అయినా అడిగావు.

అర్థం కానిది ఏదైనా ఉంటే మళ్ళీ అడుగు హార్లన్. తెలిసినదైనా అడుగు. ఎన్నిసార్లడిగినా చెబుతాను.

అక్క